శాసనమా, శిల్పమా?

సందేహం: ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ గురించి వ్యాసం రాస్తూ ‘పారశీక చక్రవర్తి డేరియస్ చెక్కిన శిలాశాసనం’ అన్నాను. అక్కడ బొమ్మలు కూడా ఉన్నాయి కనుక ‘శిల్పం’ అనాలని మిత్రుడొకరు దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: రెండూ కావాలి. అక్షరాలున్న భాగం శాసనం, బొమ్మలున్న భాగం శిల్పం. రాతి నుంచి విడదీయకుండా ముందుకు పొడుచుకొచ్చినట్లు మలిచారు కనుక ‘ఉబ్బెత్తు శిల్పం’ అంటే ఇంకా స్పష్టం.

ఈ తేడాను ఆ కొండే పాటించింది. బాబిలోన్ నుంచి ఎక్బతానాకు, అంటే నేటి హమదాన్‌కు, వెళ్లే పాత దారి పక్కన క్రీ.పూ. 520 ప్రాంతంలో ఈ శిల్పాన్నీ శాసనాన్నీ కొండరాతిలో తొలిచారు. విల్లు పట్టిన డేరియస్ తన సింహాసన ప్రత్యర్థి గౌమాతుడి మీద పాదం మోపి ఉంటాడు. ఎదుట మెడలకు తాడు బిగించిన తొమ్మిది మంది బందీలు. వారిలో చివరివాడు, కోసుటోపీ పెట్టుకున్న శక నాయకుడు స్కుంఖుడు, తర్వాత చేరినవాడు. అతడికి చోటివ్వడానికి ఎలమైట్ (నైరుతి ఇరాన్ ప్రాచీన భాష) పాఠంలో కొంత చెరిపేసి, ఆ పాఠం మొత్తాన్ని మరోచోట తిరిగి చెక్కారు. దారిన పోయేవారికి అంత ఎత్తున ఉన్న బొమ్మలు కనిపిస్తాయి కానీ అక్షరాలు అందవు. అందుకే పాఠానికి ప్రతులు తీయించి రాజ్యమంతటా పంపించారు. ఆనాటి పాలనా భాష అయిన అరమాయిక్‌లోని ప్రతి ఒకటి ఈజిప్టులోని ఎలిఫెంటైన్‌లో దొరికింది.

మీ సందేహానికి అసలు జవాబు కొండ మీది పాత పారశీక పాఠంలోనే ఉంది. ఈ ‘దిపి’ని గానీ ఈ ‘పతికర’లను గానీ పాడుచేయవద్దని భావితరాలను డేరియస్ హెచ్చరిస్తాడు. దిపి అంటే రాత, పతికర అంటే బొమ్మ. రెండో మాటకు మన ‘ప్రతికృతి’ దగ్గరి చుట్టం. మొదటిది మనకు మరీ దగ్గర: వాయవ్యాన, నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ శాసనాల్లో అశోకుడు ‘దిపి’ అనే వాడాడు. మిగతా చోట్ల అదే ‘లిపి’. ఈ మాట పాత పారశీకం నుంచే వచ్చిందని పండితుల్లో ఎక్కువమంది భావిస్తారు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్నదీ ధమ్మలిపే, అంటే అశోకుడి ధర్మశాసనమే.

మీ మిత్రులు చూడని దోషం మరొకటి ఉంది. ఉలి పట్టినవాడు డేరియస్ కాదు. రాజు గుడి కట్టించాడు, చెరువు తవ్వించాడు అంటాం కదా! ఇక్కడా ‘చెక్కించిన’ అనే ప్రేరణార్థకమే రాయాలి. ‘డేరియస్ చెక్కించిన ఉబ్బెత్తు శిల్పం, దాని చుట్టూ మూడు భాషల శాసనం’ అని మార్చుకోండి.