నలభై దాటాక మళ్ళీ సైకిలు: పది వేలలో ఏది కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 44, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 82 కిలోలు. ఇంటర్ అయ్యాక సైకిలు ముట్టుకోలేదు. తెనాలిలో ఇంటి నుంచి ఆఫీసుకు 4 కిలోమీటర్లు. బడ్జెట్ 10 వేలు, మరీ తప్పదంటే 12. గేర్లది కొనాలా, మామూలుదా? ఆన్‌లైన్‌లోనా, షాపులోనా?

ముందు జవాబు చెప్పేస్తాను, కథ తర్వాత. తెనాలి లాంటి చదునైన ఊళ్ళో మీకు గేర్లు అక్కర్లేదండీ. ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్లు లేనిది, మామూలు బ్రేకులున్నది, మీ ఎత్తుకు సరిపోయే ఫ్రేమ్ ఉన్నది, సింగిల్ స్పీడ్ సైకిలు ఒకటి చూసుకోండి. మీ ఇంటికి దగ్గరగా, రిపేరు కూడా చేసే షాపులో, తొక్కి చూసి కొనండి. 7, 8 వేలలో అటూ ఇటుగా అయిపోతుంది. మిగిలిన డబ్బుకు కూడా పని ఉంది, కింద చెప్తాను.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేసి డబ్బులు తగలేశాను.

నాకు 43 ఏళ్ళప్పుడు షుగరు బోర్డర్‌లో ఉందని డాక్టరు గారు చెప్పారు. వాకింగ్ అంటే నాకు మహా విసుగు. సైకిలు తొక్కుదామనుకుని, రాత్రి పదకొండింటికి ఫోనులో చూసి, 21 గేర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, తాటికాయంత లావు టైర్లు ఉన్నదాన్ని 9 వేలకు ఆర్డరు పెట్టాను. ఫోటోలో మోటారు సైకిలు లాగా ఉంది. ఆ ధరకు అవన్నీ ఎలా ఇస్తున్నారన్న అనుమానం ఆ రాత్రి నాకు రాలేదు.

అట్టపెట్టె వచ్చింది. సైకిలు 85 శాతం బిగించి వస్తుంది, హ్యాండిలు, సీటు, ముందు చక్రం, పెడళ్ళు మనమే బిగించుకోవాలి. కుడి పెడలు ఎక్కింది. ఎడమది ఎక్కలేదు. స్పానరుతో బలవంతంగా తిప్పాను. కుడివైపు పెడలు మామూలు బోల్టు లాగే బిగుస్తుంది, ఎడమవైపుది మాత్రం మర తిరగబడి ఉంటుంది, అపసవ్యంగా తిప్పితేనే బిగుస్తుంది. ఇంజనీరింగ్ చదివినవాడికి అది తెలియలేదు, మా వీధి చివర పంక్చరు షాపు కుర్రాడికి తెలుసు. అప్పటికే క్రాంకు, అంటే పెడలు బిగించే కడ్డీ, దాని మర నలిగిపోయింది. కొన్న రోజే కొత్త క్రాంకుకు డబ్బులు పెట్టాను.

అసలు బాధ తర్వాత మొదలైంది. పెడలు గట్టిగా తొక్కినప్పుడల్లా సైకిలు ముందుకు పోయే బదులు స్ప్రింగుల మీద ఊగేది. నేను దాన్ని ఎత్తుకుని బరువు చూసే మిషను ఎక్కి, నా బరువు తీసేసి చూశాను: 18 కిలోలు. ఖరీదైన సైకిళ్ళలో షాక్ అబ్జార్బర్లు పనిచేస్తాయి, కాదనను. ఈ ధరలో వచ్చేవి మాత్రం పైన పటారం లోన లొటారం. ఆ స్ప్రింగులకూ డిస్కులకూ పెట్టిన ఖర్చును కంపెనీ వాళ్ళు ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి కదా. బేరింగుల్లో, చైనులో, రిమ్ముల్లో మిగుల్చుకుంటారు. నెల తిరక్కుండా గేర్లు వాటంతట అవే మారడం మొదలుపెట్టాయి. షాపుకు తీసుకెళ్తే "గేర్లదా సార్, వదిలేసి వెళ్ళండి, రేపు చూద్దాం" అనేవాడు. ఆ రేపు వచ్చేసరికి నాకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. సైకిలు బాల్కనీలోకి వెళ్ళింది. మా ఆవిడ తువ్వాళ్ళు ఆరేసుకుని దానికి "తొమ్మిది వేల దండెం" అని పేరు పెట్టింది.

ఏడాది తర్వాత సంక్రాంతికి బందరు దగ్గర మా ఊరు వెళ్ళాను. పశువుల కొట్టంలో నాన్నగారి పాత నల్ల సైకిలు ఉంది. రాడ్ బ్రేకులు, 28 అంగుళాల సన్న టైర్లు, స్ప్రింగుల తోలు సీటు, క్రాంకులు ఊడకుండా బిగించే కాటర్ పిన్నులు. చిన్నప్పుడు సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కిన సైకిలే. గాలి కొట్టించి, చైనుకు నూనె వేసి కాలవ గట్టు మీద 6 కిలోమీటర్లు వెళ్ళొచ్చాను. మోకాలు ఒక్కటంటే ఒక్కటి నొప్పెట్టలేదు! ఆ సైకిలు నా దండెం కంటే బరువైనది. మరి తేడా ఎక్కడుంది? ఫ్రేమ్ నాకు సరిపోయింది, సీటు ఎత్తుగా ఉంది, టైర్లు సన్నగా గట్టిగా ఉన్నాయి. అంతే.

విజయవాడ తిరిగొచ్చాక ఈ మూడింటినీ పట్టుకుని షాపుకు వెళ్ళి 7,200కు మామూలు సైకిలు కొన్నాను. మూడేళ్ళు దాటింది. పటమట నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా వారానికి నాలుగు రోజులు వెళ్ళొస్తాను. బ్యారేజీ మీద ఎదురుగాలి తప్ప ఇంకే కష్టం లేదు.

ఇప్పుడు గేర్ల లెక్క. మామూలు సింగిల్ స్పీడ్ సైకిలుకు సాధారణంగా ముందు పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక పళ్ళ చక్రానికి (ఫ్రీవీల్) 18 ఉంటాయి. 26 అంగుళాల చక్రమైతే పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 5 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు, అంటే సెకనుకు ఒకటి, తొక్కితే గంటకు 18 కిలోమీటర్లు. డెల్టా ఊళ్ళలో ఆఫీసుకు వెళ్ళడానికి ఇంతకంటే ఏం కావాలి? మీ 4 కిలోమీటర్లు నిదానంగా తొక్కినా ఇరవై నిమిషాలు పట్టదు. గేర్ల ఉపయోగం ఎత్తు ఎక్కేటప్పుడు. వెనక 28 పళ్ళ గేరు వేస్తే అదే చుట్టుకు 3 మీటర్ల పైచిలుకే పోతుంది, అందుకే కాలికి తేలిక. మా బావమరిది విశాఖలో ఉంటాడు. ఋషికొండ వైపు ఆ ఎత్తుపల్లాలకు అతనితో గేర్లదే కొనిపించాను, అదీ వెనక 7 మాత్రమే, ముందు ఒకటే పళ్ళ చక్రం. 21 గేర్లంటే ముందు 3 ఇంటూ వెనక 7, అంతే. వాటిలో చాలా వరకు ఒకదానికొకటి దాదాపు సమానం. (విశాఖ వాళ్ళకు ఇంకో మాట: సముద్రపు గాలికి చైను తుప్పు పడుతుంది, వారానికోసారి తుడిచి నూనె వేయాలి.) హైదరాబాద్‌లో బంజారాహిల్స్ వైపు ఉండేవాళ్ళకూ గేర్లు కావాలి. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు కదా, అక్కడికి వెళ్ళి లక్ష రూపాయల సైకిళ్ళు చూసి మాత్రం మనసు పాడుచేసుకోకండి.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. షాపువాడు "26 సైకిలు, పెద్దవాళ్ళదే" అంటాడు. ఆ 26 చక్రం సైజు. నాన్నగారి నల్ల సైకిలును "22 సైకిలు" అనేవాళ్ళు, అది ఫ్రేమ్ సైజు. రెండూ వేరు. చక్రం 26 అయినా, 27.5 అయినా, 29 అయినా మీకు పెద్ద తేడా పడదు. ఫ్రేమ్ మాత్రం పడుతుంది. ఈ కొత్త మోడళ్ళలో మీ ఎత్తుకు 17 లేదా 18 అంగుళాల ఫ్రేమ్ చూడండి. సైకిలుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నేల మీద నిలబడితే పై కడ్డీకీ మీకూ మధ్య రెండు వేళ్ళ సందైనా ఉండాలి. కూర్చుని హ్యాండిలు పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగి ఉండాలి, చేతులు బిగదీసుకుపోకూడదు.

సీటు గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నా మోకాళ్ళ నొప్పికి ముఖ్య కారణం అదే. చాలా ఏళ్ళ తర్వాత ఎక్కినప్పుడు పడిపోతామని భయం, రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించుకుంటాం. అలా తొక్కితే మోకాలు ప్రతి చుట్టుకూ పూర్తిగా మడత పడుతుంది, పది నిమిషాలకే మంట మొదలవుతుంది. సరైన ఎత్తు తెలుసుకోవడం తేలిక. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, పెడలును పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా సాగాలి. తర్వాత మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగానే వంగుతుంది. ఆ ఎత్తులో ఆగినప్పుడు సీటు మీద కూర్చునే పాదం మొత్తం నేలకు ఆనించలేరు, ముందుకు దిగాలి. మొదటి వారం కాస్త తక్కువలో పెట్టుకుని, రోజుకు అర అంగుళం చొప్పున పెంచుకుంటూ పోండి. నేను అలాగే చేశాను. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనపడేంత పైకి మాత్రం లాగకండి, గొట్టం విరుగుతుంది. ఇక మెత్తటి సోఫా లాంటి సీటు కావాలనిపిస్తుంది మొదట్లో. వద్దు. పిరుదుల నొప్పి పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది.

టైర్లు 1.75 లేదా 1.95 అంగుళాల వెడల్పు చాలు. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో పీ.ఎస్.ఐ. అంకెలు ఉంటాయి. మన బరువుకు వాటిలో పై అంకెకు దగ్గరగా కొట్టించుకోవాలి. సైకిలు బరువుగా లాగుతోందని జనం అనుకునేదాంట్లో సగం గాలి లేకపోవడమే. ట్యూబుకు మోటారు సైకిలుకు ఉండే లాంటి వాల్వు ఉంటే పెట్రోలు బంకులో కొట్టించవచ్చు, కాకపోతే పక్కనే ఉండి చూసుకోండి, సైకిలు ట్యూబు చిన్నది, క్షణంలో నిండిపోతుంది. డిస్కుల కోసం అదనంగా డబ్బు పెట్టకండి. రిమ్ముకు ఒత్తుకునే రబ్బరు బ్రేకులే మీ వేగానికి సరిపోతాయి, అరిగితే ఏ ఊళ్ళో అయినా మారుస్తారు.

"నల్ల సైకిలే కొంటే పోలా?" అని మీకు అనిపించవచ్చు. నిజానికి కొనుక్కోవచ్చు, నిటారుగా కూర్చుంటాం, నడుముకు సుఖం, వెనక క్యారియర్ మీద బియ్యం బస్తా పడుతుంది. కానీ రాడ్ బ్రేకులు వానలో సరిగ్గా పట్టవు, మేడ మీదికి మోయలేం. పైగా ఇప్పుడు దొరికే కంపెనీలు తగ్గాయి. సైకిళ్ళ కంపెనీ అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ (ఢిల్లీ దగ్గర) ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఆగిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన "మన దానికి స్పేర్లు దొరుకుతాయా మరి?" అన్నారు.

మిగిలిన డబ్బు సంగతి. వెనక ఎర్ర లైటు, ముందు లైటు, హెల్మెట్, తాళం, ఇంట్లో పెట్టుకునే గాలి పంపు, మడ్‌గార్డులు, స్టాండు. కొన్ని మోడళ్ళకు మడ్‌గార్డులు, స్టాండు విడిగా కొనాలి, ధర చెప్పేటప్పుడే అడగండి. ఇవన్నీ కలిపి రెండు వేల పైనే అవుతాయి. ఇంకో మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీ.ఎస్.టీ. 12 శాతం నుంచి 5కు తగ్గింది. పాత రేటు కార్డు చూపిస్తే ఆ సంగతి గుర్తు చేయండి.

సెకండ్ హ్యాండ్ గురించి మీరు అడగలేదు కానీ, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో దుమ్ము పట్టిన మంచి సైకిళ్ళు సగం ధరకు దొరుకుతాయి. నా దండెం కూడా అలాగే ఒకాయన తీసుకెళ్ళాడు, పాపం. చూడాల్సినవి: హ్యాండిలు దగ్గర వెల్డింగుల్లో పగుళ్ళు, క్రాంకును పక్కలకు ఊపితే కదలిక, చక్రం తిప్పితే రిమ్ము బ్రేకు రబ్బర్ల మధ్య అటూ ఇటూ ఊగడం. రిమ్ము బెండు తీయించవచ్చు, పగిలిన ఫ్రేమ్‌ను వదిలేయండి.

షాపులో కొంటే నెల రోజుల తర్వాత ఒకసారి ఫ్రీ సర్వీసు అడగండి. కొత్త సైకిలుకు బ్రేకు వైర్లు సాగుతాయి, చువ్వలు వదులవుతాయి, అప్పుడు బిగించకపోతే రిమ్ము పోతుంది. మొదటి వారం ఆఫీసుకు వెళ్ళకండి, పొద్దున్నే అయిదున్నరకు ఖాళీ రోడ్ల మీద రెండేసి కిలోమీటర్లు తిరగండి. బ్యాలెన్స్ మొదటి రోజే వచ్చేస్తుంది, వెనక్కి తిరిగి లారీ వస్తోందేమో చూడడం మాత్రం మళ్ళీ నేర్చుకోవాలి.

డబ్బులిచ్చే ముందు సైకిలును తిరగేసి, పెడళ్ళ మధ్య గొట్టం అడుగున చెక్కిన ఫ్రేమ్ నంబరు చూసి, బిల్లు మీద రాయించుకోండి. అక్కడ లేకపోతే సీటు కింది గొట్టం మీద ఉంటుంది.