43 ఏళ్ళకు ఎంఎఫ్ఏలో చేరొచ్చా?

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. ఉప్పల్‌లో ఉంటాం. 22 ఏళ్ళకు బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పెయింటింగ్ పూర్తి చేశాను, ఆ ఏడాదే పెళ్ళయింది. తొమ్మిదేళ్ళుగా ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. నాలుగు నెలల నుంచి మళ్ళీ సొంతంగా బొమ్మలు వేస్తున్నాను. ఎంఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ) చేయాలనుంది. మావారు ‘ఈ వయసులో కాలేజీ ఏంటి, నలుగురూ నవ్వుతారు’ అంటున్నారు. అత్తయ్య నాతో సరిగా మాట్లాడటం లేదు. ఇంటర్ సెకండియర్‌కి వచ్చిన మా అమ్మాయి కూడా ‘అక్కల పక్కన కూర్చుంటావా అమ్మా?’ అని నవ్వింది. సీటిచ్చేవాళ్ళు కూడా వయసు చూసి పక్కన పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది. అటక మీద నా బీఎఫ్ఏ నాటి పెయింటింగులున్నాయి, సీటు కోసం చూపించాల్సిన పోర్ట్‌ఫోలియోలో అవే పెడదామనుకుంటున్నాను. ఈమధ్య కూరలు తరుగుతూ గ్యాస్ బిల్లుల వెనక బీరకాయ తొక్కలు, కత్తిపీట, తడిసిన మసిగుడ్డ... ఇలాంటివి ఓ పన్నెండు గీశాను. అవి ఎవరికీ చూపించలేదు. ఇప్పటికే ఆలస్యమైంది కదా, ఈ ఏడాదే అప్లై చేయమంటారా?

జవాబు: ఆ పన్నెండు బొమ్మల సంగతి ఉత్తరం చివర్లో, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు రాశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. వాటి దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం.

సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశాలకు పెట్టే సీయూఈటీ పీజీ పరీక్షకు వయసు పరిమితి లేదు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ యూనివర్సిటీ కానివ్వండి, మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) కానివ్వండి, ఎంఎఫ్ఏ పెయింటింగ్‌కు అసలు కావలసింది బీఎఫ్ఏ డిగ్రీ. చాలామంది ఆగిపోయేది అక్కడే. మీరు ఆ గడప ఇరవై ఏళ్ళ కిందటే దాటారు. మిగతా నిబంధనలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో స్వయంగా చదువుకోండి, ఎవరో చెప్పారని వదిలేయకండి.

వయసు అడ్డొచ్చే చోట్లు లేకపోలేదు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకే. పరిశోధన చేసేవాళ్ళకు యూజీసీ ఇచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కు గరిష్ఠంగా 30 ఏళ్ళు, ఆడవాళ్ళకు ఇంకో అయిదేళ్ళ సడలింపు. అదీ దాటిపోయింది. సాంస్కృతిక శాఖే ఇచ్చే సీనియర్ ఫెలోషిప్ మాత్రం 40 దాటినవాళ్ళ కోసమే. నెట్ రాసి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత తెచ్చుకోవడానికి వయసు అడ్డు కాదు. అర్హత ఉన్నంత మాత్రాన ఉద్యోగం వచ్చేయదు కాబట్టి, ‘లెక్చరర్ అవుతాను’ అని ఆశ చూపించి మాత్రం ఇంట్లో ఒప్పించకండి. రేపు అది రాకపోతే మీ చదువే దండగైందంటారు.

ఇక పోర్ట్‌ఫోలియో. అటక మీదివి పెట్టొద్దు. మీకవి ప్రాణమని తెలుసు. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్ళకు అవి 22 ఏళ్ళ అమ్మాయి బొమ్మలు, ఆ అమ్మాయి అప్లై చేయడం లేదు కదా. మీ వయసు కంటే వాళ్ళకు ముందు కనపడేది మధ్యలో ఉన్న ఖాళీ. ‘ఇన్నేళ్ళు ఏం చేశారు, ఇప్పుడే ఎందుకు?’ అని అడుగుతారు. అప్పుడు పెళ్ళి, పిల్లలు, బాధ్యతలు అని సంజాయిషీ మొదలుపెట్టకుండా ఈ కొత్త బొమ్మలు వాళ్ళ ముందు పెట్టండి. చిత్రకారులు తోట వైకుంఠంగారు బరోడాలో చదివొచ్చి, తన ఊరి ఆడవాళ్ళనే, ఆ బొట్టూ చీరలతో సహా, కాగితం మీదికి తెచ్చుకున్నారు. మీరు రోజూ తిరిగే వంటిల్లు మీకు ఆ ఊరు కావచ్చు. కత్తిపీటను అంత దగ్గరగా చూసిన చెయ్యి 22 ఏళ్ళప్పుడు మీకు లేదు.

అందుకే ఈ ఏడాది అప్లై చేయొద్దంటున్నాను. నాలుగు నెలల పని, పన్నెండు బొమ్మలు చాలవు. వయసు మీద పడుతోందన్న కంగారులో సగం పనితో వెళ్ళి సీటు రాకపోతే, నిజంగా వయసు వల్లే రాలేదని మీరు నమ్మేస్తారని నా భయం. 44కి చేరితే 46కి పూర్తవుతుంది, అంతే. వారంలో మూడు రోజులు, రోజుకు రెండు గంటలు తలుపు వేసుకుని పనిచేయండి. వచ్చే ఏడాదికి నలభై బొమ్మలైతే అందులో మంచివి పదిహేను తేలతాయి. ఈలోగా ఆ కాలేజీల డిస్‌ప్లేలకు వెళ్ళి పిల్లలు ఎలాంటి పని చేస్తున్నారో చూడండి.

సీటు వచ్చాక క్లాసులో వయసు గుర్తు రాదని మాత్రం చెప్పను. నెల్ పెయింటర్ అనే అమెరికన్ చరిత్రకారిణి ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసర్‌గా రిటైరై, 64 ఏళ్ళకు రట్గర్స్‌లో బీఎఫ్ఏలో చేరారు. ఆ తర్వాత రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో ఎంఎఫ్ఏ చేశారు. అంత పేరున్న మనిషికి కూడా అక్కడ తన వయసు పదే పదే ఎదురైందని ఆవిడే రాసుకున్నారు. నేనూ 41 ఏళ్ళకు సైకాలజీ పీజీలో చేరాను. లంచ్‌లో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక రెండు వారాలు కారిడార్ చివర నిలబడి బాక్సు తిన్నాను. మూడో వారం ఒకమ్మాయి స్టాటిస్టిక్స్ అర్థం కావట్లేదంటూ వచ్చి పక్కన కూర్చుంది. నాకూ అర్థం కాలేదు. ఇద్దరం కలిసి చదువుకున్నాం.

మీవారి విషయానికొస్తే, ‘నలుగురూ నవ్వుతారు’ అన్న మాట వెనక ఆయనకు వేరే లెక్కలు ఉండొచ్చు. ఫీజు ఎంత, మీ జీతం ఆగితే ఎలా, అమ్మకు మధ్యాహ్నం భోజనం ఎవరు పెడతారు? అడగలేక నలుగురి మీద పెడుతున్నారేమో. కాబట్టి కళ గురించి కాకుండా ముందు వీటి గురించే మాట్లాడండి. ఉప్పల్ నుంచి మెట్రోలో అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్ వెళ్తే మాసబ్ ట్యాంక్ దగ్గరే. ఎన్నింటికి బయల్దేరతారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఆ వేళల్లో ఏ పని ఎవరిది, అన్నీ కాగితం మీద రాసి ఇద్దరూ కలిసి చూసుకోండి. ‘అమ్మాయి ఇంటర్ అయ్యాక వచ్చే ఏడాది అప్లై చేస్తున్నాను’ అని ఇప్పుడే, తేదీతో సహా చెప్పండి. లేకపోతే ఈ ఏడాది ఆగడాన్ని మానేసినట్టు అనుకుంటారు.

అత్తయ్యగారి దగ్గర వాదన వద్దు. ఆవిడ బీరకాయ తొక్కు తీస్తున్నప్పుడు ఆ చేతులు గీస్తానని అడగండి. మీ అమ్మాయి నవ్విందంటే వ్యతిరేకించిందని కాదు. ఆ పన్నెండూ మొదట తనకే చూపించండి.

ఇంకొక్క విషయం. ఆ గ్యాస్ బిల్లులు నున్నటి థర్మల్ కాగితం అయితే వేడి తగిలినచోట నల్లబడతాయి. పొయ్యి గట్టు మీద ఉంచకండి, ప్లాస్టిక్ కవర్లలో కూడా పెట్టకండి. ఈరోజే కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఒక్కోదానికీ ఫోటో తీసి పెట్టుకోండి. పదమూడోది మాత్రం మంచి డ్రాయింగ్ కాగితం మీద వేయండి.