పోయిన కొడుకు ఫోన్‌కి రీచార్జి చేయించాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే దుఃఖం గురించి. కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు, తండ్రిని పోగొట్టుకున్న కొడుకు రాశారు. మనసుకు సంబంధించిన వాటికి మా కౌన్సెలర్, కాగితాలకు సంబంధించిన వాటికి మా న్యాయవాది కలిసి జవాబులు రాశారు.

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్ళు. పెళ్ళి కాలేదు. ఐదు నెలల కిందట జబ్బు చేసి పోయాడు. వాడి ఫోన్‌కి నెలనెలా రీచార్జి చేయిస్తున్నాను. లాక్ తెలీదు, లోపల ఏముందో చూడలేదు. ఫోన్ చేస్తే రింగవుతుంది, అంతే. మా ఆయన "పిచ్చా నీకు" అంటారు. ఆయన కంట నీరు పెట్టలేదు. తెల్లారితే పొలం, చీకటి పడితే పడక. వాడి బట్టలన్నీ ఎవరికైనా ఇచ్చేయమని మా ఆడపడుచు పోరుతోంది. నేను చేస్తున్నది తప్పా? – ఒక తల్లి, ఖమ్మం జిల్లా

తప్పు కాదమ్మా. పైగా కనీసం ఏడాది పాటు ఆ రీచార్జి ఆపకండి. దానికి మనసుతో సంబంధం లేని కారణం కూడా ఉంది. బ్యాంకు, పీఎఫ్, ఇన్సూరెన్స్, ఆధార్ అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. సిమ్ బ్యాలెన్సులో 20 రూపాయలుంటే ఆ డబ్బు కోసుకుని మరో 30 రోజులు నడుపుతారు. ఆ తర్వాత ఆ నంబరు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఒకరోజు వాట్సాప్‌లో వాడి పేరు మీద ఎవరిదో మొహం కనిపిస్తే, లేదా ఎవరో ఎత్తి "హలో, ఎవరండీ" అంటే తట్టుకోవడం కష్టం. ఏదో ఒకనాడు ఆపాల్సి వస్తుంది కాబట్టి, ఆ రోజును మీరే నిర్ణయించుకుని ఆపడం మేలు.

ఇంకో జాగ్రత్త ఉంది. లాక్ తీయించాలని బజారులో షాపుకు ఇవ్వకండి. వాళ్ళు చాలాసార్లు చేసేది రీసెట్, దాంతో లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. తోచిన నంబర్లు వరసగా కొట్టి చూడకండి, కొన్ని ఫోన్లు పూర్తిగా బిగుసుకుపోతాయి. అసలు మీకు కావలసింది చాలావరకు మీ ఫోన్‌లోనే ఉండొచ్చు. వాడు మీకు పంపిన వాయిస్ మెసేజ్‌లు, ఫోటోలు చూసుకోండి. వాట్సాప్‌లో వాడి చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, "మోర్"లో "ఎక్స్‌పోర్ట్ చాట్" అన్నచోట "మీడియాతో సహా" ఎంచుకుని, మీ మెయిల్‌కో, నమ్మకమైన మేనల్లుడికో పంపండి. మీడియాతో అయితే చివరి 10,000 మెసేజ్‌ల వరకే వస్తాయి. గొంతు వినిపించే ఫైళ్ళను విడిగా రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, రెండూ వేర్వేరు ఇళ్ళలో ఉంచండి. ఫోన్ మార్చినప్పుడు, "స్టోరేజ్ నిండింది" అని ఎవరో పిల్లలు శుభ్రం చేసినప్పుడు గొంతు పోగొట్టుకున్న తల్లులు ఎందరో. వాడి ఫోన్‌లో వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకం లేకుండా ఉంటే కంపెనీ తీసేస్తుంది. మీ ఫోన్‌లో ఉన్న మెసేజ్‌లకు దానివల్ల ఏమీ కాదు, కంగారు పడకండి.

బట్టల విషయానికి వస్తే, మీ ఆడపడుచు గారి మాట ఆచారం ప్రకారం సగం సరే. కడసారి కట్టుకున్న బట్టలు, పక్కబట్టలు తీసేయడం చాలా ఇళ్ళల్లో ఉన్నదే. అల్మారా మొత్తం ఖాళీ చేయమని ఏ ఆచారమూ చెప్పదు. ఉతకని చొక్కా ఒకటి దొరికితే గాలి చొరబడని జిప్ కవర్లో పెట్టండి, వాసన చాలాకాలం నిలుస్తుంది. దాని దగ్గర కలరా ఉండలు మాత్రం వేయకండి, ఆ ఘాటుకు మనిషి వాసన చచ్చిపోతుంది. మిగతావి మీకు ఓపిక వచ్చిన రోజున మూడు కుప్పలు చేయండి: ఉంచేవి, ఇచ్చేవి, తేల్చుకోలేనివి. మూడోదాన్ని అట్టపెట్టెలో పెట్టి, పైన తేదీ రాసి, ఆరు నెలల తర్వాత తెరవండి. గంట కన్నా ఎక్కువసేపు కూర్చోకండి. ఒక్కరోజులో గది ఖాళీ చేసినవాళ్ళు తర్వాత వెతుక్కునేది ఖరీదైన వస్తువులను కాదు. చెప్పులు, దువ్వెన, బస్ పాసు లాంటి వాటినే.

ఇక మీవారి సంగతి. దుఃఖం మీద పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు 1999లో ఒక మాట తేల్చి చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి రెండు ఒడ్ల మధ్య తిరుగుతుంటాడు. కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు బతుకు పనుల వైపు. ఒకే ఇంట్లో ఒకరు ఈ ఒడ్డునా, ఇంకొకరు ఆ ఒడ్డునా ఎక్కువసేపు ఉండిపోతే, ఒకరికి ఒకరు పిచ్చివాళ్ళుగానో రాతిగుండెలుగానో కనిపిస్తారు. మీరు రింగు వింటున్నారు, ఆయన పొలం దున్నుతున్నారు. "మీరు ఎందుకు ఏడవరు" అని అడిగితే ఆయన ఇంకా బిగుసుకుంటారు. దాని బదులు ఒక పని కలిపి పెట్టుకోండి. సంవత్సరీకానికి ఎవరెవరిని పిలవాలో రాయడం, వాడి ఫోటోల్లో ఫ్రేము కట్టించేది ఏదో ఎంచడం లాంటివి. ఎదురెదురు కూర్చుంటే రాని మాట, పక్కపక్కన పని చేస్తుంటే వస్తుంది. ఆయనకు బీపీ, షుగర్ ఉంటే మాత్రలు వేసుకుంటున్నారో లేదో స్ట్రిప్పులు లెక్కపెట్టి చూడండి. పిల్లలు పోయిన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మందులు మానేయడం మామూలు. సాయంత్రం తాగుడు పెరిగిందేమో కూడా గమనించండి.

పరామర్శకు వచ్చి బుద్ధుడు కిసాగోతమిని చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్న కథ చెప్పేవాళ్ళు ఉంటారు. కథ మంచిదే కానీ, పదో రోజున చెప్పేది కాదు. అలాంటప్పుడు "తర్వాత మాట్లాడదాం పిన్నీ" అని లోపలికి వెళ్ళిపోయినా ఎవరూ తప్పు పట్టరు.

ఐదు నెలలకు ఇలా ఉండటం జబ్బు కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ణయ పుస్తకానికి 2022లో తెచ్చిన సవరణ ప్రకారం పెద్దవాళ్ళలో కనీసం 12 నెలలు దాటాక కూడా దాదాపు రోజూ అదే తీవ్రత ఉండి, పనులు సాగకపోతేనే దాన్ని "దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో ఈ గడువు ఆరు నెలలు. అయితే గడువుల కోసం ఆగకూడని సందర్భాలున్నాయి. వాడి దగ్గరికి వెళ్ళిపోవాలనిపించడం, ఒంటి మీద బట్ట తెలియకపోవడం, వారాల తరబడి నిద్ర లేకపోవడం. అప్పుడు ఆ రోజే 14416 కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నిద్రమాత్రలు మాత్రం పక్కింటివాళ్ళ డబ్బాలోంచి తీసుకోకండి.

ప్రశ్న: నా కొడుకు (29) హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగి, జీతం 30,000. రోడ్డు ప్రమాదంలో పోయి రెండు నెలలు. పెళ్ళయి ఏడాది, పిల్లలు లేరు. లారీ వాళ్ళ తరఫున ఒకాయన వచ్చి 6 లక్షలకు రాజీ అంటున్నాడు. పాలసీలో నామినీగా ఇంకా నా భార్య పేరే ఉంది. కోడలి తరఫువాళ్ళు అంతా ఆమెదే అంటున్నారు. నాకు ఏ కాగితం ముట్టుకోబుద్ధి కావడం లేదు. – ఒక తండ్రి, నల్గొండ

రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి. కారణం ఒక లెక్కలో చూపిస్తాం. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో ఖాయం చేసిన పద్ధతి ఇది. ఏడాది జీతం 3,60,000. ఉద్యోగం పర్మనెంట్ కాదనుకుందాం, వయసు 40 ఏళ్ళ లోపు కాబట్టి ముందుముందు పెరిగేదానికి 40 శాతం కలిపితే 5,04,000. ఆయన సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే (ఆధారపడినవాళ్ళు ఇద్దరు, ముగ్గురు ఉంటే ఇంతే) 3,36,000. 26–30 ఏళ్ళ వయసుకు దీన్ని 17తో గుణిస్తారు. మొత్తం 57,12,000. ఉద్యోగం పర్మనెంట్ అని రుజువైతే 40 బదులు 50 శాతం. తప్పు ఎవరిదన్న దాన్ని బట్టి ఇది తగ్గొచ్చు, కానీ 6 లక్షలతో పోల్చి చూడండి. కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఆ ఎడబాటుకు కూడా పరిహారం ఇవ్వాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు చిన్నదే, అయినా చట్టం ఆ మాట గుర్తించిందని తెలుసుకోండి.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో అర్జీకి చట్టంలో రాసిన గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు. మీకు నాలుగు మిగిలాయి. మీరుండే చోట కూడా వేయొచ్చు, ప్రమాదం జరిగిన ఊరికే వెళ్ళనక్కర్లేదు. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, చివరి ఆరు నెలల జీతం స్లిప్పులు, ఫారం 16 కావాలి. కోడలు, తల్లి, మీరు ఒకే అర్జీలో ఉండండి. విడివిడిగా వేసుకుంటే లాభపడేది ఇన్సూరెన్స్ కంపెనీయే.

పంపకంలో చాలామంది పొరబడతారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే కొడుకు స్వార్జితానికి మొదటి వరుస వారసులు భార్య, పిల్లలు, తల్లి. పిల్లలు లేరు కాబట్టి కోడలికి సగం, మీ భార్యకు సగం. తండ్రి రెండో వరుస, మీకు వాటా లేదు. "అంతా మాదే" అన్న మాట ఇటైనా అటైనా తప్పే. బ్యాంకు ఖాతాలో నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే, తర్వాత వారసులకు పంచాలి. జీవిత బీమా పాలసీ సంగతి వేరు. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య, పిల్లలు నామినీ అయితే ఆ డబ్బు వాళ్ళదేనని చట్టంలో ఉంది. దీని మీద హైకోర్టుల తీర్పులు ఒకేలా లేవు. అందుకే పాలసీ డబ్బు విషయం కోర్టు దాకా తీసుకెళ్ళకుండా మీలో మీరు తేల్చుకోవడం మంచిది.

మరణ ధ్రువపత్రాలు కనీసం పది తీసుకోండి, ప్రతి ఆఫీసూ ఒకటి ఉంచేసుకుంటుంది. పేరులో ఒక్క అక్షరం ఆధార్‌తో తేడా ఉన్నా ఇప్పుడే దిద్దించండి. తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టండి. పీఎఫ్‌కు ఫారం 20, కోడలి పెన్షన్‌కు 10-డి, ఉద్యోగి బీమాకు 5-ఐఎఫ్. ఆ బీమా గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. దీని సంగతి చాలా ఇళ్ళల్లో తెలియనే తెలియదు. బ్యాంకు పాస్‌బుక్కులో మే, జూన్ నెలల్లో 436 రూపాయలు, 20 రూపాయలు కోత పడ్డాయేమో చూడండి. ఉంటే అవి ప్రధానమంత్రి జీవన జ్యోతి, సురక్ష బీమాలు, ఒక్కొక్కటి 2 లక్షలు. డెబిట్ కార్డు మీద ప్రమాద బీమా ఉందా అని బ్యాంకులో రాతపూర్వకంగా అడగండి. వాటి గడువులు చిన్నవి.

కొడుకు ఏటీఎం కార్డుతో, ఓటీపీతో డబ్బు తీయకండి. ఇంటి ఖర్చుకే తీసినా రేపు తగువుకు అదే మొదటి ముక్క అవుతుంది. లోన్ యాప్ వాళ్ళు ఫోన్ చేస్తే, మీరు హామీదారు కానిదే, కొడుకు నుంచి వచ్చిన ఆస్తికి మించి మీ జేబులోంచి కట్టనక్కర్లేదు. ఉదయం 8 కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన.

కాగితం ముట్టుకోబుద్ధి కాదని రాశారు. మీ అల్లుడో, తమ్ముడి కొడుకో ఎవరినైనా ఒక్కరిని పెట్టుకోండి. ఒకే ఫైలు, వారానికి ఒక పూట. సంవత్సరీకం దగ్గర బంధువులంతా ఉన్నారని ఆ రోజే పంచాయితీ పెట్టించకండి. ఆ రోజు ఎవరి మాట ఎవరికీ చెవికెక్కదు. కోడలి పుట్టింటి పెద్దను మామూలు రోజున, మధ్యాహ్నం, మీ ఇంటికే పిలవండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. నాన్న గుండెపోటుతో పోయారు. టికెట్ దొరికి నేను చేరేసరికి మూడో రోజు. బాబాయి కొడుకు తలకొరివి పెట్టాడు. పెద్దకర్మ చేసి వచ్చేశాను. కడసారి చూపు దక్కలేదన్నది వదలడం లేదు. అమ్మను వెంటనే ఇక్కడికి తెచ్చేయాలనుకుంటున్నాను. – ఒక కొడుకు

మీ బాబాయి కొడుకు తలకొరివి పెట్టడం వల్ల మీకు రావాల్సింది ఏదీ పోలేదు. కొడుకు అందుబాటులో లేనప్పుడు జ్ఞాతి (దాయాది) పెట్టడం శాస్త్రం ఒప్పుకున్నదే. నెల మాసికాలు, ఆబ్దికం అక్కడ కూడా జరపవచ్చు. నాన్నగారు పోయిన మాసం, పక్షం, తిథి ఇంటి పురోహితుణ్ణి అడిగి రాయించుకోండి. డాలస్‌కు గణించిన పంచాంగం చూడండి, హైదరాబాద్ క్యాలెండర్ తేదీ చూస్తే తిథి తప్పుతుంది. ఇండియా వచ్చినప్పుడు రాజమండ్రి గోదావరి దగ్గరో, పిఠాపురం పాదగయలోనో పిండం పెట్టుకోవచ్చు.

కడసారి చూపు లేనివాళ్ళకు మనసులో ఆ చివరి రోజు ఖాళీగా ఉండిపోతుంది. దాన్ని నింపేది వివరాలు. పక్కనున్న ముగ్గురిని, అమ్మ, బాబాయి, ఆంబులెన్సులో వెళ్ళిన పక్కింటాయనను, విడివిడిగా అడగండి: ఆ పొద్దున ఏం తిన్నారు, ఏ చొక్కా వేసుకున్నారు, ఆఖరున ఏమన్నారు. రాసుకోండి. ముగ్గురి మాటలూ కలవకపోవచ్చు, ఫర్వాలేదు. దహనం వీడియో ఎవరైనా తీసి ఉంటే ఒంటరిగా, అర్ధరాత్రి చూడకండి.

అమ్మను తెచ్చే విషయంలో మాత్రం ఆగండి. ఏడాది దాకా ఇల్లు అమ్మడం, ఊరు మార్చడం వద్దు. మీకు తోడు కావాలని ఆమెను కదపడం జరుగుతుంటుంది. ఉన్న వీధిలో ఆమెకు నాన్న గురించి మాట్లాడేవాళ్ళు పదిమంది ఉంటారు. డాలస్‌లో పగలంతా మీ ఇంటి గోడలే. నాన్నగారు పెన్షనర్ అయితే ట్రెజరీకి వెంటనే తెలియజేసి ఫ్యామిలీ పెన్షన్‌కు పెట్టించండి. ఆలస్యమైతే ఎక్కువ జమైన డబ్బు తిరిగి రాబడతారు.

ప్రశ్న: పెద్దబ్బాయి పోయాడు. చిన్నవాడు ఇంటర్. పెళ్ళిళ్ళలో "మీకెంతమంది పిల్లలు" అని అడుగుతారు. ఒక్కడంటే పెద్దవాడికి ద్రోహం చేసినట్టుంటుంది. ఇద్దరంటే తర్వాతి ప్రశ్న వస్తుంది. – ఒక తల్లి, గుంటూరు

రెండు జవాబులు సిద్ధంగా ఉంచుకోండి. మళ్ళీ కలవని మనిషికి "ఒకడు ఇంటర్ చదువుతున్నాడండీ" చాలు. అందులో అబద్ధం లేదు. కాస్త దగ్గరవాళ్ళయితే "ఇద్దరండీ, పెద్దవాడు లేడు" అని, వెంటనే మీరే ఇంకో మాట ఎత్తండి. ఎదుటివాళ్ళు తడబడకుండా ఉంటారు. రెండూ ఇంట్లో ఒకసారి పైకి అని చూసుకుంటే అక్కడ గొంతు పట్టదు.

మీ చిన్నవాడిని కూడా అదే అడుగుతారు కాలేజీలో. వాడు ఏం చెబుతున్నాడో కనుక్కోండి. వాడిని అన్న పేరుతో పిలవకండి, పొరపాటున నోట వస్తే దిద్దుకోండి. అన్న మంచం వాడికి ఇచ్చేముందు కావాలా అని అడగండి.