తామరాకులో మెలికల చారలు

ప్రశ్న: మా డాబా మీద సిమెంటు తొట్టిలో తామర పెంచుతున్నాను. నీటి మీద పరుచుకున్న ఆకుల్లో గోధుమరంగు చారలు మెలికలు తిరిగి కనిపిస్తున్నాయి. ఒక చారను గోటితో చీల్చితే సన్నని పురుగు బయటపడింది. అది దోమపిల్లేనని, తొట్టిలో వెంటనే మందు కొట్టమని పక్కింటివారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: దయచేసి మందు కొట్టకండి. దోమ లార్వాలు ఆకును తొలిచి లోపల కాపురం ఉండవు. వాటిలో చాలా రకాలకు గాలి కోసం నీటి పైకి రాక తప్పదు. మీరు చూసినది చాలావరకు కైరోనమిడే కుటుంబానికి చెందిన కుట్టని దోమ లార్వా అయి ఉంటుంది. ఈ కుటుంబంలో రెక్కలొచ్చి ఎదిగిన పురుగులు చూపుకు అచ్చం దోమల్లాగే ఉండి, సాయంత్రం వేళ దీపాల చుట్టూ గుంపులుగా ముసురుకుంటాయి కానీ, రక్తం పీల్చే పొడవైన తొండం లేనందువల్ల మనుషులను కుట్టలేవు. అక్వేరియం దుకాణాల్లో చేపల మేతగా అమ్మే ఎర్రపురుగులు కూడా ఈ కుటుంబంలోని లార్వాలే.

నిర్ధారణ కోసం ఒక పని చేయండి. చార ఉన్న ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుంటే సొరంగం లేతగా, అందులోని పురుగు నీడలాగా కనిపిస్తుంది. దానిని నీటిచుక్కలో వేసి భూతద్దంతో చూడండి. ముందుభాగాన గోధుమరంగులో గట్టి తల స్పష్టంగా ఉంటే అది కుట్టని దోమ లార్వా. తల వేరుగా కనిపించక, ముందుకొస సూదిగా ఉంటే అది ఆకుతొలుచు ఈగ జాతి పురుగు. నీటిమొక్కల ఆకుల్లో అవి కూడా ఉంటాయి.

తామరనే ఆశ్రయించే స్టెనోకైరోనమస్ నెలుంబస్ అనే కుట్టని దోమ జాతిని జపాన్‌లో 1935లో టొకునగా, కురోడా అనే శాస్త్రజ్ఞులు వర్ణించారు. ఈ పురుగు తేలే ఆకులకే ఎందుకు పడుతుందో తెలుసుకుంటే మీ సమస్య సగం తీరినట్టే. తామరాకు మీద నీటిబొట్టు నిలవదని మనం అంటూనే ఉంటాం. ఆ మైనపు పొర ఉన్నది ఆకు పైభాగాన. అడుగుభాగం మాత్రం ఎప్పుడూ నీటిని అంటుకొని ఉంటుంది. చర్మం ద్వారానే ఊపిరి తీసుకునే లార్వాకు తడి తప్పనిసరి కనుక అది కిందినుంచి చొరబడి, పై పొరకూ కింది పొరకూ నడుమ ఉన్న కండను తింటూ సాగుతుంది. కాడ మీద గాలిలోకి లేచి నిలిచే ఆకులను చేరడం దానికి సాధ్యం కాదు.

మొక్కను తొలిచే ఈ అలవాటే మరొకచోట శాస్త్రజ్ఞులకు ఆశ కలిగించింది. బడిలో కిరణజన్య సంయోగక్రియ ప్రయోగానికి గరాటు కింద ఉంచే హైడ్రిల్లా మీకు గుర్తుండే ఉంటుంది. మన చెరువుల్లో సహజంగా పెరిగే ఆ మొక్క 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి, అక్కడి కాలువలనూ నదులనూ కమ్మేసింది. 1992లో అక్కడి క్రిస్టల్ నదిలో క్రికోటోపస్ లెబెటిస్ అనే కుట్టని దోమ లార్వాలు హైడ్రిల్లా చిగుళ్లను తొలుస్తూ కనిపించాయి. చిగురు దెబ్బతిన్న తీగ నీటి పైకి సాగలేక అడుగునే కొమ్మలు వేస్తుంది కాబట్టి, ఆ కలుపును అదుపు చేయడానికి ఈ లార్వా ఎంతవరకు పనికివస్తుందో పరిశీలించారు.

ఇక మీ తొట్టి సంగతి. చారలు దట్టంగా ఉన్న ఆకులను తీసి, నీటికి దూరంగా ఎండలో పడేయండి. తొట్టిలోనే వదిలితే లార్వాలు అందులోనే పెరిగి, రెక్కలు వచ్చి ఎగిరిపోయి మళ్లీ గుడ్లు పెడతాయి. అయితే నిలువు ఆకులు ఇంకా రాని లేత మొక్క అయితే, దానికి తిండి సమకూర్చేవి ఆ తేలే ఆకులే కనుక అన్నింటినీ తుంచవద్దు. కొద్దిగా దెబ్బతిన్నవాటిని ఉండనివ్వండి. నాలుగైదు గప్పీ చేపలను వదలండి. ఆకులోకి దూరిన పురుగును అవి పట్టలేవు కానీ, గుడ్డులోంచి వచ్చి ఇంకా నీటిలో తిరుగాడుతున్న పిల్లలనూ, డెంగీ తెచ్చే అసలు దోమల లార్వాలనూ తినేస్తాయి. పురుగుమందు వేస్తే ముందు చచ్చేది ఆ చేపలే. నిలువు ఆకులు నాలుగు లేచేసరికి ఈ చారల వల్ల మొక్కకు పెద్ద నష్టం ఉండదు.