జైసల్మేర్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. చదివించే గుణం ఉంది నీకు. కానీ ‘స్వర్ణనగరి’ అన్న మాట ఆరుసార్లు వచ్చింది, రాజస్థాన్ ఎడారిలోని ఆ ఊరికి అంత డబ్బు ఎలా వచ్చిందో మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

పట్వాల పెద్ద భవంతులు, ఆ హవేలీల రాతి జాలీల పనితనం మీద పేజీ రాశావు. సరే. ఒక్క వర్తక కుటుంబం ఆ ఇసుక మధ్యలో అయిదు హవేలీలు పక్కపక్కనే కట్టించిందంటే ఏం అమ్మి కట్టించింది? జరీ, వెండి, నల్లమందు. సింధ్ దారిలో వచ్చే ఒంటెల బిడారులు ఇక్కడ ఆగేవి, సుంకం కట్టేవి. బొంబాయి రేవు పెరిగాక సరుకు ఓడలెక్కింది, 1947లో సరిహద్దు పడ్డాక మిగిలిన దారీ మూసుకుపోయింది. నీ వ్యాసంలో ఆ ఇళ్లలో మనుషులు లేరు, ఎందుకు లేరో నువ్వు అడగలేదు. నేనైతే అక్కడే మొదలుపెట్టేవాణ్ణి.

కోట 1156లో రావల్ జైసల్ కట్టించాడని, 99 బురుజులని గైడ్ చెప్పినవన్నీ దించేశావు. నేను వెళ్లినప్పుడు కోట లోపలి సందులో, మురుగు గొట్టం కారుతున్న చోట గోడ మీద వేలు పెట్టి చూశాను. రాయి తడిసి మెత్తబడి పసుప్పచ్చటి పొడి వేలికి అంటుకుంది. ఒకప్పుడు గడీసర్ చెరువు నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చిన ఊరు, బొట్టు పారబోయాలన్నా మనసొప్పేది కాదు. కుళాయిలొచ్చాక వాడిన నీళ్లు బయటికి పోయే దారి సరిగా లేక కొండలోకే ఇంకాయి, కొన్ని బురుజులు కూలాయి. జనం ఇప్పటికీ కాపురముంటున్న కోట అది, వాళ్ల వంటింటి నీళ్ల కథ రాయి.

పాడుబడ్డ ఊరు కుల్ధారా దయ్యాల కథలు తీసెయ్. అక్కడి పాలీవాల్ బ్రాహ్మణులు వాలుకి అడ్డంగా కట్ట వేసి, పడ్డ కాస్త వాననీ నిలబెట్టి, నీరు ఇంకాక ఆ పదునులో గోధుమ, శనగ పండించేవాళ్లు. ఖడీన్ అంటారు. మన చెరువు శిఖంలో నీళ్లు తగ్గాక పంట వేస్తారే, దానికి దగ్గర. మన పాఠకుడికి చప్పున అందుతుంది.

‘రాత్రి జానపద గాయకులు పాడారు’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టావే, నాకు నిజంగా బాధేసింది. వాళ్లు మాంగణియార్లు. ముస్లింలు, తరతరాలుగా హిందూ ఇళ్లలో పెళ్లికీ పురుడుకీ పాడుతున్నవాళ్లు, ఆ ఇంటి వంశమంతా వాళ్లకి నోటికి వచ్చు. మేకతోలు బిగించిన తంత్రీవాద్యం కమాయ్‌చా మీద కమాను లాగుతూ టూరిస్టులకి పాడేది వేరు, ఆ ఇంటి గుమ్మంలో పాడేది వేరు. మళ్లీ వెళ్లు. టెంట్ వద్దు, ఊళ్లోనే గది తీసుకో. మీరు ఎవరింటికి పాడతారని అడుగు, వాళ్లు ఆ ఇంటి పేర్లు వరసగా చెబుతుంటే ఫోన్ పక్కన పెట్టి విను. తర్వాత రాసి పంపు, ఎంత పొడుగున్నా చదువుతాను.