మాక్సిఫ్లాక్సాసిన్ వేసినా నల్లగుడ్డు మీద తెల్లమచ్చ పెరుగుతుంటే
మీ నాన్నగారి కంటికి వరి ఆకు గీసుకుందని, మాక్సిఫ్లాక్సాసిన్ (బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్) చుక్కలు మూడు రోజులు వేసినా తెల్లమచ్చ పెరుగుతోందని రాశారు కదండీ. ఇక చుక్కలు మార్చి చూడొద్దు, ఇవాళే కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ తెల్లమచ్చ అంటే పుండే, దాని అంచు గీకి గ్రామ్ స్టెయిన్, 10% కేఓహెచ్ (మైక్రోస్కోపులో బాక్టీరియా, ఫంగస్ వెతికే పరీక్షలు), కల్చర్ (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) చేయించాలి. మందుకు లొంగని సూడోమొనాస్ అనే బాక్టీరియా కావచ్చు. ఆకు గీసుకుంది కాబట్టి ఫంగస్ అనుమానమూ గట్టిగానే ఉంది, దానిమీద యాంటీబయాటిక్ అసలు పనిచేయదు. బాక్టీరియా అని తేలితే సాధారణంగా 5% సెఫజోలిన్, 1.4% టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు గంటగంటకూ, రాత్రి కూడా వేయిస్తారు. రెండింటి మధ్య 5 నిమిషాల ఎడం లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. మందుల షాపులో ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు మాత్రం దయచేసి వేయకండి: ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల కార్నియా కరుగుతూనే ఉంటుంది. ఇంతవరకు వాడిన సీసాలన్నీ వెంట తీసుకెళ్లండి.