టెక్ సందేహాలు: ఫొటో ఎక్కడ చెడుతోంది?

చలికాలం వచ్చిందంటే పక్షుల కోసం కొల్లేరు, పులికాట్, ఉప్పలపాడు వైపు ఆదివారాలు కెమెరా సంచులు బయల్దేరతాయి. సోమవారం నుంచి నాకు ఉత్తరాలు మొదలవుతాయి. వాటిలో చాలావాటి చివరి వాక్యం ఒకటే: ‘కొత్త లెన్స్ కొనమంటారా?’ ఈ వారం తీసుకున్న ప్రశ్నల్లో లెన్స్ కొంటే తీరేది ఒక్కటీ లేదు. ఒక్కరు మాత్రం ప్లాస్టిక్ డబ్బా కొనుక్కోవాలి.

ప్రశ్న: సరదాగా ఫొటోలు తీసే మిత్రులం కొందరం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. కొల్లేరు దగ్గరి ఆటపాకలో తీసిన గూడబాతు ఫొటో నా కంప్యూటర్‌లో ఈక ఈకా కనిపిస్తుంది. గ్రూపులో పెట్టగానే మసకబారుతోంది. ‘నీ లెన్స్‌లో పదును లేదు’ అంటున్నారు. నిజమేనా? (ఏలూరు నుంచి ఒక ఉపాధ్యాయుడు)

మీ లెన్స్‌కు ఏ పాపమూ తెలియదు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవైన వైపును సుమారు 1600 పిక్సెళ్లకు కుదించి, ఆపైన ఫైలును ఇంకా నలిపి పంపుతుంది. అంటే మీరు పంపిన పిక్సెళ్లలో పద్నాలుగో వంతు మాత్రమే అవతలికి చేరుతున్నాయి. ఈకల్లాంటి సన్నని వివరాలు ముందుగా పోయేది అక్కడే. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపిక వాడితే దాదాపు 4000 పిక్సెళ్ల వరకు నిలుస్తాయి కానీ, కుదింపు తప్పదు.

ఉన్నది ఉన్నట్టు చేరాలంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. పిన్ను గుర్తు నొక్కితే ఆ ఎంపిక కనిపిస్తుంది. ప్రతి ఫొటోనూ అలా పంపి మిత్రుల ఫోన్లు నింపేయనవసరం లేదు. నా పద్ధతి ఇది: ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే పొడవైన వైపు 2048 పిక్సెళ్లు ఉండేలా చిన్న ప్రతి తయారుచేసుకుని, దానికి కొద్దిగా షార్పెనింగ్ (అంచులకు పదును) ఇచ్చి, డాక్యుమెంట్‌గా పంపుతాను. ఫోన్ తెరమీద చూడటానికి అది చాలు. ఎలాగూ కుదించక తప్పనప్పుడు ఆ పని మన చేత్తో మనమే చేసుకోవడం మేలు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ప్రతి ఫొటో ఫైలులో ఎక్సిఫ్ అనే సమాచారం దాగి ఉంటుంది. ఏ షట్టర్ స్పీడ్ (కెమెరా వెలుగును ఎంతసేపు లోపలికి రానిచ్చింది), ఏ అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుంది), ఎంత ఐఎస్ఓ (ఉన్న వెలుగును కెమెరా ఎంత పెంచి చూపింది), ఎన్ని మిల్లీమీటర్ల లెన్స్ (ఫోకల్ లెంగ్త్), ఏ రోజు, ఏ సమయం అన్నీ అందులో ఉంటాయి. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని చెరిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉంచుతుంది. మీ గ్రూపులో లెన్స్ మీద తీర్పు చెప్పిన పెద్దలు ఈ అంకెలేవీ చూడకుండానే చెప్పారు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్ల దగ్గరకు చేరింది ఆ మసక బొమ్మే. ఫొటో కింద షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ, ఫోకల్ లెంగ్త్ రాయాలన్న నియమం పెట్టుకోండి. ‘సూపర్ సార్’లు కాస్త తగ్గుతాయి, పనికొచ్చే మాటలు పెరుగుతాయి.

డాక్యుమెంట్‌గా పంపేటప్పుడు ఒక జాగ్రత్త: ఫోన్‌తో తీసిన ఫొటో అయితే, కెమెరా యాప్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు కూడా ఎక్సిఫ్‌లో చేరుతుంది. ఇంట్లో పిల్లల ఫొటో అయినా, ఎవరికీ తెలియని గుడ్లగూబ గూడు అయినా ఆ చిరునామాను మీరే పంచిపెట్టినట్టవుతుంది. గూళ్లు తీసేవాళ్లు లొకేషన్ ఆపేసే వెళ్లాలి. ఈ విషయంలో నాది మొండిపట్టు.

ప్రశ్న: ఉప్పలపాడులో పొద్దున్నే ఎగిరే ఎర్రకాళ్ల కొంగల్ని తీస్తే అన్నీ కదిలిపోయాయి. ఒకాయన షట్టర్ 1/2000 పెట్టమన్నారు. ఇంకొకాయన ఐఎస్ఓ 100 దాటితే ఫొటో పాడవుతుందన్నారు. రెండూ పాటిస్తే ఫొటో నల్లగా వచ్చింది. నా లెన్స్ 70-300 మిల్లీమీటర్లు, ఎఫ్/6.3 వరకే తెరుచుకుంటుంది. (గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

ఇద్దరూ పెద్దమనుషులే, కానీ ఇద్దరి సలహాలూ ఒకే ఫొటోలో ఇమడవు. ఎందుకో లెక్క కట్టి చూద్దాం. ఫిల్మ్ రోజుల నుంచి ఒక సూత్రం ఉంది: నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అపర్చర్ ఎఫ్/16 పెడితే, ఐఎస్ఓ అంకె ఎంతో, షట్టర్ సెకనులో అన్నో వంతు. ఐఎస్ఓ 100కు 1/100 సెకను అన్నమాట. మీ లెన్స్‌ను ఎఫ్/6.3 వరకు తెరిస్తే (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది) అదే వెలుగులో 1/640 దాకా వెళ్లొచ్చు. 1/2000 కావాలంటే మిట్టమధ్యాహ్నమే ఐఎస్ఓ 320 పెట్టాలి. మీరు వెళ్లింది పొద్దున్నే కదా. ఆ వెలుగు మధ్యాహ్నంలో ఎనిమిదో వంతు అనుకున్నా ఐఎస్ఓ 2500 కావాలి. మీరు 100 దగ్గర ఆపేశారు. నల్లగా రాక ఏం చేస్తుంది?

ఐఎస్ఓ అంటే భయం పాత డిజిటల్ కెమెరాల కాలంలో పుట్టింది. ఇప్పటి కెమెరాల్లో 3200 దగ్గర గరుకుదనం కనిపిస్తుంది, నిజమే. రా ఫైలు (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫైలు) ఉంటే డార్క్‌టేబుల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే దాన్ని చాలావరకు తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన రెక్కను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నిజాయితీగా నిలబెట్టలేదు. కాబట్టి ఆ రెండిట్లో ఒకటి వదులుకోవాల్సి వస్తే ఐఎస్ఓ సలహానే వదిలేయండి.

ఇలా చేసి చూడండి. కెమెరాను మాన్యువల్‌లో పెట్టి షట్టర్ 1/1600, అపర్చర్ ఎఫ్/6.3 ఖాయం చేయండి. ఐఎస్ఓను మాత్రం ఆటోకు వదలండి, పై పరిమితి 6400. గూడబాతుల్లాంటి బరువైన పక్షులు రెక్కలు చాచి గాలిలో తేలుతుంటే 1/1000 కూడా సరిపోతుంది. లకుముకిపిట్ట నీళ్లలోకి దూకేటప్పుడైతే 1/3200 ఉన్నా ఒక్కోసారి చాలదు. కొమ్మమీద కూర్చున్న పక్షికి 1/500 చాలు.

షట్టర్ సరిచేసినా కొన్ని ఫొటోలు మసకగానే వస్తాయి. అప్పుడు అనుమానించాల్సింది ఫోకస్‌ను. బటన్ సగం నొక్కగానే ఫోకస్‌ను అక్కడే బిగించేసే పద్ధతి కూర్చున్నవాటికి. ఎగిరే పక్షికి అది వెంట తిరుగుతూనే ఉండాలి. నికాన్, సోనీ కెమెరాల్లో దీన్ని ఏఎఫ్-సీ అంటారు, కేనన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఏఐ సర్వో. పక్షి ఫ్రేములోకి వచ్చాక వెతుక్కోకుండా, దూరంగా ఉన్నప్పుడే పట్టుకుని కెమెరాను దానితోపాటు తిప్పుతూ రండి. మొదట్లో పది తీస్తే ఒకటి దక్కుతుంది. అందరికీ అంతే, గ్రూపులో పెట్టేది ఆ ఒక్కటే కనుక మిగతా తొమ్మిది ఎవరికీ కనిపించవు.

ఇంకొక చిక్కు: తెల్ల ఆకాశం ముందు ఎగిరే నీటికాకి నల్లని నీడలా వస్తుంది. కెమెరా కొలమానానికి కనిపించే ప్రతిదాన్నీ మధ్యస్థ బూడిదరంగుగా లెక్కించడమే తెలుసు. అంత తెల్లదనం చూసి వెలుగు తగ్గించేస్తుంది. కెమెరా లెక్కకన్నా వెలుగు పెంచడానికి, తగ్గించడానికి ఉండే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ ఒకటికి జరపండి. చీకటి నీళ్లమీద తెల్ల కొంగకు దీనికి తిరగేసి, మైనస్ వైపు.

ప్రశ్న: కెమెరాలో, ఎడిటింగ్‌లో ఎర్రగా మెరిసిన మోదుగుపూలు ఇంటర్నెట్‌లో పెట్టాక పాలిపోతున్నాయి. (ఆదిలాబాద్)

కెమెరా మెనూలో కలర్ స్పేస్ (ఫైలులో ఏయే రంగులు పట్టాలో చెప్పే ఎంపిక) అడోబ్ ఆర్‌జీబీ అని ఉందేమో చూడండి. ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. అడోబ్ ఆర్‌జీబీలో ఎక్కువ రంగులు పడతాయి కానీ, ఫైలులోని ఆ కలర్ స్పేస్ గుర్తును పట్టించుకోని యాప్‌లలో, తెరలమీద అవే రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి జేపెగ్ బయటికి తీసేటప్పుడు కూడా ఎస్‌ఆర్‌జీబీయే ఎంచుకోండి. అంతే.

ప్రశ్న: నా ఫోన్ కెమెరా 200 మెగాపిక్సెళ్లు. మిత్రుడి పాత డీఎస్‌ఎల్‌ఆర్ 24. అయినా అతని ఫొటోలే ఎందుకు బాగుంటున్నాయి? (వరంగల్)

200 అన్న అంకె డబ్బామీద ఉంటుంది. మామూలుగా తీస్తే మీ ఫోన్ పదహారు పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కిస్తుంది కనుక చేతికొచ్చేది సుమారు 12.5 మెగాపిక్సెళ్ల ఫొటో. ఇందులో మోసం లేదు. అంత చిన్న పిక్సెళ్లు ఒక్కొక్కటిగా తగినంత వెలుగును పట్టలేవు, అందుకే గుంపు కడతాయి. అసలు తేడా సెన్సర్ (కెమెరాలో వెలుగును పట్టే పలక) పరిమాణంలో ఉంది. మధ్యతరగతి డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్ దాదాపు 23.5 x 15.6 మిల్లీమీటర్లు. మంచి ఫోన్‌లోని ప్రధాన సెన్సర్ కంటే దాని వైశాల్యం సుమారు ఐదు రెట్లు. లెన్స్ సంగతి వేరే చెప్పాలా?

అలాగని ఫోన్‌ను తీసిపారేయకండి. సూర్యుడికి ఎదురుగా వేయిస్తంభాల గుడి తీయాల్సి వస్తే ఫోన్ కొన్ని ఫ్రేములు వరసగా తీసి కలిపి, ఆకాశాన్నీ నీడలో ఉన్న శిల్పాన్నీ రెంటినీ చూపిస్తుంది. మీ మిత్రుడు అదే ఫలితం కోసం ఇంటికెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. పట్టపగలు ఫోన్‌లో 200 మెగాపిక్సెళ్ల మోడ్ కూడా ఒకసారి వాడి చూడండి. సాయంత్రమైతే దాని జోలికి వెళ్లకండి.

ప్రశ్న: కూచిపూడి ప్రదర్శన తీస్తే ఫొటోల్లో అడ్డంగా నల్లచారలు వచ్చాయి. (విజయవాడ)

వేదికమీద ఎల్‌ఈడీ దీపాల పని అది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు కానీ వేగంగా తీసే కెమెరాకు దొరికిపోతుంది. సైలెంట్ షట్టర్ (చప్పుడు లేకుండా తీసే ఎలక్ట్రానిక్ పద్ధతి) వాడి ఉంటే ముందు అది ఆపి, మెకానికల్ షట్టర్‌కు మారండి. షట్టర్ 1/100 పెడితే చారలు చాలావరకు పోతాయి. అయితే ఆ వేగానికి నర్తకి చేతులు కదిలిపోతాయి. భంగిమ నిలిచే క్షణం కోసం కాచుకోవాలి. మీ కెమెరాలో మిణుకును తప్పించే యాంటీ ఫ్లికర్ ఎంపిక ఉంటే అది ఆన్ చేసి 1/250 ప్రయత్నించండి. వెనకాల పెద్ద ఎల్‌ఈడీ తెర ఉంటే మాత్రం దాని మిణుకు లెక్క వేరు. రిహార్సల్ సమయంలోనే కొన్ని వేగాలు మార్చి చూసుకోవాలి.

ప్రశ్న: లెన్స్ లోపల సాలెగూడు లాంటి మచ్చ కనిపిస్తోంది. (విశాఖపట్నం)

ఫంగస్. సముద్రపు తేమ ఉన్న ఊళ్లలో ఇది మామూలే. లెన్స్‌ను మీరు విప్పకండి, శుభ్రం చేసేవారికి ఇవ్వండి. ఆలస్యమైతే అద్దంమీది పూతను తినేస్తుంది. మిగిలిన లెన్సులను తోలు సంచిలో, బీరువాలో దాచకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఒక చిన్న తేమ మీటరు కూడా పెట్టి, అంకె 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. బియ్యంలో పెట్టమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి, ఆ పిండి లెన్స్ సందుల్లో చేరుతుంది.

ప్రశ్న: వానలో చార్మినార్‌ను తీసి పెట్టిన నా ఫొటోను ఒక దుకాణం వాళ్లు ప్రకటనకు వాడుకున్నారు. నేను ఎక్కడా రిజిస్టర్ చేయలేదు. హక్కు ఉంటుందా? (హైదరాబాద్)

ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త తీసిన వ్యక్తే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తీసిన వ్యక్తి జీవితకాలమంతా, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. నిరూపించుకోవడానికి మీ దగ్గరున్న బలమైన ఆధారం రా ఫైలు. జేపెగ్‌ను ఎవరైనా దించుకోగలరు, రా ఫైలును మీరు ఇస్తే తప్ప ఎవరికీ దొరకదు. దాన్ని ఎవరికీ పంపకండి, చెరపకండి. ముందు వాళ్లకు మర్యాదగా ఉత్తరం రాసి పారితోషికం అడగండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే ఆ ప్రకటన స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకుని న్యాయవాదిని కలవండి.

మీలాంటి అభిరుచి ఫొటోగ్రాఫర్లు పరిచయస్తుల పెళ్లికో సీమంతానికో డబ్బు తీసుకుని ఫొటోలు తీయడం ఈమధ్య ఎక్కువైంది. అక్కడ చట్టం తిరగబడుతుంది: వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారే తొలి హక్కుదారులు. ఆ ఫొటోలను మీ పేరుతో నలుగురికీ చూపించుకోవాలనుకుంటే అడ్వాన్సు తీసుకునే రోజే ఆ మాట రాయించుకోండి.